కవి వెనక అధ్యాపకుడు

మన సాహిత్య విమర్శకు ఒక అలవాటు స్థిరపడిపోయింది. రచయిత జైలుకు పోతే, జైల్లో ఆయన రాసిన పుస్తకాన్ని చర్చకు పెడుతుంది. ఆయన్ని పట్టుకుపోయిన నాడు ఏ కళాశాలలో, ఏ తరగతిలో, ఏ పాఠం సగంలో ఆగిపోయిందో మాత్రం అడగదు. అది అడగవలసిన ప్రశ్నేనన్నది ఈ వ్యాసం వాదన.

1970 తర్వాత తెలుగు నేల మీద నిర్బంధానికి గురైన రచయితల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని, ప్రతి పేరు పక్కన వాళ్ల బతుకుదెరువు ఏమిటో రాసి చూడండి. వరవరరావు వరంగల్ సి.కె.ఎం. కళాశాలలో తెలుగు అధ్యాపకుడు. కె.వి. రమణారెడ్డి కావలిలో అధ్యాపకుడు. త్రిపురనేని మధుసూదనరావు తిరుపతిలో, చలసాని ప్రసాద్ విశాఖపట్నంలో అధ్యాపకులు. చెరబండరాజు హైదరాబాదులో బడిపంతులు. బాలగోపాల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పాడు. అందరూ పాఠం చెప్పుకుని బతికినవాళ్లే. వీళ్లను మనం కవులుగా, విమర్శకులుగా, హక్కుల కార్యకర్తలుగా గుర్తుంచుకున్నాం. రాజ్యం కుట్రదారులుగా గుర్తుంచుకుంది. అధ్యాపకులుగా గుర్తుంచుకోవలసిన అవసరం రెండు పక్షాలకూ కనిపించలేదు. మరే విషయంలోనూ పొసగని రాజ్యానికీ మనకూ ఈ ఒక్కదాంట్లో ఏకాభిప్రాయం కుదరడం విచిత్రం.

దీని వెనక ఒక సిద్ధాంతం ఉంది. విద్యావ్యవస్థ పాలకవర్గాలది, దాని పని పాలకవర్గ భావజాలాన్ని పునరుత్పత్తి చెయ్యడం, కాబట్టి దానిలోపల స్వేచ్ఛ కోసం కొట్లాడడం సంస్కరణవాదం అవుతుందన్న సిద్ధాంతం. ఇందులో మొదటి సగం నిజం. రెండో సగం మొదటి సగం నుంచి రాదు. న్యాయస్థానం కూడా పాలకవర్గానిదే. అయినా సికింద్రాబాద్ కుట్రకేసులో కన్నబిరాన్ వాదించకూడదని ఎవరూ అనలేదు. అచ్చుయంత్రం పెట్టుబడిదారుడిదే. అయినా పత్రిక మీద నిషేధం వస్తే ఊరుకోలేదు. తరగతి గది దగ్గరికి వచ్చేసరికి మాత్రం, పోతే పోయింది అనుకున్నాం. అక్కడ పోయినది ఒక ఉద్యోగం అని లెక్క వేశాం. పోయినది ఉద్యోగం ఒక్కటే కాదు.

వరంగల్‌ను తీసుకుని ఈ లెక్క సరిచూడవచ్చు. కాకతీయుల కోట, అజంజాహి మిల్లు, రైల్వే జంక్షను ఉన్న ఈ ఊరు 1959 తర్వాత చదువుల ఊరుగా మారింది. ఆ యేడు ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలకు నెహ్రూ శంకుస్థాపన చేశాడు. వైద్య కళాశాల కూడా ఆ యేడే మొదలైంది. 1960ల చివర ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇక్కడ స్నాతకోత్తర కేంద్రం తెరిచింది. ములుగు, నర్సంపేట, పరకాల, జనగామ వైపు పల్లెల నుంచి రైతుల పిల్లలు, కూలీల పిల్లలు హాస్టళ్లకు వచ్చారు. ఇంట్లో మొదటిసారిగా పుస్తకం పట్టినవాళ్లు వాళ్లలో చాలామంది. ఊళ్లో దొర గడీని చూసి వచ్చిన పిల్లవాడికి తరగతిలో చెప్పే సామాజికశాస్త్రం ఒకటి, వాడు చూసి వచ్చిన సమాజం ఒకటి. ఆ వైరుధ్యం గురించి మాట్లాడడానికి పాఠ్యప్రణాళికలో చోటు లేదు. చోటు 1966లో సాహితీ మిత్రులు మొదలుపెట్టిన 'సృజన'లో దొరికింది, ఆ పత్రిక చుట్టూ జరిగిన చర్చల్లో దొరికింది, కొందరు అధ్యాపకుల దగ్గర గంట కొట్టిన తర్వాత దొరికింది. వరంగల్‌లో విద్యాస్వేచ్ఛ గంట కొట్టిన తర్వాతే బతికిందనడంలో అతిశయోక్తి పెద్దగా లేదు.

ఒక తారీఖు చూడండి. కాకతీయ విశ్వవిద్యాలయం 1976 ఆగస్టు 19న ఏర్పడింది. అంటే అత్యవసర పరిస్థితి నడిమధ్యన. పత్రికల మీద సెన్సారు ఉన్న రోజున, ప్రాథమిక హక్కులు సస్పెండైన రోజున, ఊళ్లో పేరున్న తెలుగు అధ్యాపకుడు జైల్లో ఉన్న రోజున ఒక విశ్వవిద్యాలయం పుట్టింది. అంతకు యేడాది ముందు, 1975 జూలైలో, ఇదే ఊరి ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థి సూరపనేని జనార్దన్‌ను మరి ముగ్గురితో కలిపి మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో ఎన్‌కౌంటర్ పేరిట కాల్చి చంపారు. అది ఎదురుకాల్పులు కాదని 1977లో తార్కుండే కమిటీ తేల్చింది. జనార్దన్ మీద పాటలు వచ్చాయి, కవితలు వచ్చాయి, ఇప్పటికీ వస్తున్నాయి. రావలసినవే. కాని అతను ఏ శాస్త్రం చదువుతుండేవాడో, ఆ చదువు ఈ దేశపు రైతుకు ఏమి చేసి ఉండేదో ఆలోచించిన రచన నా కంటపడలేదు. చదువు వదిలిపోవడాన్ని కీర్తించే అలవాటులో, చదువు ఏమిటన్న ప్రశ్న జారిపోయింది.

అణచివేతకు ఇక్కడ పాత చరిత్రే ఉంది. 1938లో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడిన విద్యార్థులను నిజాం ప్రభుత్వం వెళ్లగొట్టింది. వందలమంది నాగపూరు పోయి చదువుకున్నారు. అప్పుడు చదువు కోసం నాగపూరు దారి పట్టినవారిలో వరంగల్ జిల్లా లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు ఒకడు. నలభై ఏడేళ్ల తర్వాత, 1985 సెప్టెంబరులో, ఆయన కేంద్రంలో మానవ వనరుల అభివృద్ధి మంత్రి అయ్యాడు. కళాశాలలకు స్వయంప్రతిపత్తి ఇవ్వాలని చెప్పిన 1986 జాతీయ విద్యావిధానం ఆయన హయాంలోదే. ఆయన మంత్రి అయిన ఆ నెలలోనే ఆయన పుట్టిన జిల్లాలో ఏం జరిగిందో చూడాలి.

సెప్టెంబరు 2న కాజీపేటలో యాదగిరిరెడ్డి అనే సబ్ ఇన్‌స్పెక్టరును నక్సలైట్లు చంపారు. మర్నాడు శవయాత్రలో ఉన్న పోలీసులు పిల్లల వైద్యుడు డాక్టర్ రామనాథం క్లినిక్‌లోకి చొరబడి ఆయన్ని కాల్చి చంపారని పౌరహక్కుల సంఘం నమోదు చేసింది. రామనాథం ఆ సంఘానికి రాష్ట్ర ఉపాధ్యక్షుడు. సబ్ ఇన్‌స్పెక్టరు హత్య కేసులో విశ్వవిద్యాలయ గణిత అధ్యాపకుడు బాలగోపాల్‌ను ఇరికించి జైల్లో పెట్టారు. ఆ యేడే ఆయన ఉద్యోగం వదులుకున్నాడు. వరవరరావు బయట ప్రాణానికి భద్రత లేదని తన బెయిలు తానే రద్దు చేయించుకుని జైలుకు పోయాడు. ఒక చిన్న ఊరు ఆ కొద్ది నెలల్లో ఒక వైద్యుణ్ణి, ఒక గణితజ్ఞుణ్ణి, ఒక తెలుగు అధ్యాపకుణ్ణి పోగొట్టుకుంది. స్వయంప్రతిపత్తి గురించి జాతీయ విధానంలో రాసిన పేరాలు చదివేటప్పుడు ఈ ముగ్గురినీ పక్కన పెట్టుకుని చదవాలి.

బాలగోపాల్ విషయం కొంచెం ఆగి చూడదగ్గది. ఆయన వరంగల్ ఇంజనీరింగ్ కళాశాలలోనే గణితంలో పరిశోధన చేశాడు. ఢిల్లీలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో కొంతకాలం పనిచేసి, 1981లో కాకతీయలో చేరాడు. 1983 నుంచి పౌరహక్కుల సంఘం ప్రధాన కార్యదర్శి. గణితం చెబుతూనే ఊళ్లకు పోయి నిజనిర్ధారణ చేసేవాడు, ఆర్థిక వ్యవస్థ మీద ఇంగ్లీషులో రాసేవాడు, తెలుగులో సాహిత్య విమర్శ రాసేవాడు. ఆయన సాహిత్య వ్యాసాలు 'రూపం-సారం' పేరుతో వచ్చాయి. కోశాంబి చరిత్ర దృష్టిని తెలుగు పాఠకుడికి పరిచయం చేసినవాడు కూడా ఆయనే. కోశాంబి కూడా గణితజ్ఞుడే. 1962లో టాటా పరిశోధన సంస్థ ఆయన ఒప్పందాన్ని పొడిగించలేదు. గణితం చెప్పేవాడు సమాజం గురించి మాట్లాడితే సంస్థలకు ఊపిరాడదన్నది ఈ దేశంలో రెండుసార్లైనా రుజువైంది.

బాలగోపాల్ విమర్శ చదివినవాళ్లకు ఒక సంగతి తెలుస్తుంది. ఆయన ఒక మాట వాడితే ఆ మాటకు అర్థం ఎంతవరకో చెప్పి వాడతాడు. వాదంలో ఒక మెట్టు ఎక్కితే ఆ మెట్టు ఎందుకు ఎక్కాడో చూపిస్తాడు. ప్రత్యర్థి వాదాన్ని దాని బలమైన రూపంలో ముందు పెట్టి ఆ తర్వాత ఎదుర్కొంటాడు. ఇది నల్లబల్ల దగ్గర అలవడిన క్రమశిక్షణ. గణితంలో ఊకదంపుడు సాగదు. నిరూపణలో ఒక వాక్యం తప్పితే వెనక బెంచీలోవాడు కూడా లేచి అడుగుతాడు. మన విమర్శలో ఈ గుణం ఎంత అరుదో పాత సంచికలు తిరగేస్తే తెలుస్తుంది. కోటబుల్ కోట్సు గుచ్చి తీర్పు చెప్పేయడం మనకు తేలిక. కాబట్టి బాలగోపాల్‌ను విశ్వవిద్యాలయం పోగొట్టుకోవడమంటే గణిత శాఖలో ఒక ఖాళీ ఏర్పడడం మాత్రమే కాదు. అలా ఆలోచించడం ఎలాగో ఏటేటా ముప్పై నలభై మందికి నేర్పే చోటు పోయింది. ఒక పుస్తకాన్ని వెయ్యి మంది చదువుతారు, నిజమే. కాని పుస్తకాన్ని లేచి ప్రశ్న అడగడం కుదరదు.

దీనికి జవాబుగా ఒక మాట చెప్పవచ్చు. విశ్వవిద్యాలయం చెయ్యని పని బయట జరిగింది కదా, జ్ఞానం ఆగలేదు కదా అని. ఈ జవాబులో సత్యం ఉంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యడానికి వీల్లేదు. తెలంగాణ విమోచనోద్యమం మీద వచ్చిన నవలలను సమాజ సాహిత్య సంబంధాల దృష్టితో పరిశీలించిన వరవరరావు గ్రంథం 1983లో వచ్చింది. అప్పటికి ఆయన మీద సికింద్రాబాద్ కుట్రకేసు నడుస్తోంది. 1974లో పెట్టిన ఆ కేసు 1989లో గాని కొట్టేయలేదు. పదిహేనేళ్లపాటు వాయిదాలకు తిరుగుతూ, మధ్య మధ్య జైలుకు పోతూ, వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' నుంచి మహీధర, దాశరథి రంగాచార్యల నవలల దాకా పరిశీలించడమంటే మాటలు కాదు. అలాగే పౌరహక్కుల సంఘం నిజనిర్ధారణ నివేదికలు. వాటిని మనం కరపత్రాలుగా చూస్తాం. అవి నిజానికి క్షేత్ర పరిశోధనలు. ఊరికి పోవడం, బాధితుణ్ణీ పోలీసునూ ఇద్దరినీ అడగడం, భూమి ఎవరిదో కూలి ఎంతో రాసుకోవడం, విన్నదానికీ చూసినదానికీ తేడా పాటించడం, పేరు పెట్టి అచ్చువేయడం. సామాజికశాస్త్ర శాఖలు చెయ్యవలసిన పనిని ఒక గణిత అధ్యాపకుడు, ఒక పిల్లల డాక్టరు, కొందరు వకీళ్లు చేశారు. వాళ్లలో నర్రా ప్రభాకరరెడ్డి అనే వకీలును 1991 డిసెంబరులో చంపేశారు.

ఇంత జరిగాక కూడా, బయట జరిగిన పని లోపల జరగవలసిన పనికి బదులు కాలేదు. నివేదిక రాసినవాడు ఇంకో నివేదిక రాయడానికి పోవాలి. అతని పద్ధతిని నేర్చుకుని సరిచేసేవాళ్లు, అతని లెక్క తప్పని చెప్పేవాళ్లు, ఇరవై ఏళ్ల తర్వాత అదే ఊరికి మళ్లీ పోయేవాళ్లు కావాలి. దానికి సంస్థ కావాలి. 'సృజన' గొప్ప పత్రిక, కాని 1992లో ఆగిపోయింది. విశ్వవిద్యాలయం ఆగలేదు. ఆ విశ్వవిద్యాలయంలో ఏం చెబుతున్నారన్నది మనం పట్టించుకోలేదు.

ఇక్కడ గూగీ వా థియాంగో ప్రస్తావన తేవాలి. దూరపు ఉదాహరణ కోసం కాదు, ఆయన తెలుగు సాహిత్యంలోకి వరంగల్ అధ్యాపకుడి చేతుల మీదుగా, జైలు గదిలోంచి వచ్చాడు కనుక. నైరోబీ విశ్వవిద్యాలయ సాహిత్య శాఖ అధిపతి గూగీని గికుయు భాషలో రైతుల చేత నాటకం ఆడించినందుకు కెన్యా ప్రభుత్వం 1977 డిసెంబరు చివరి రోజున అరెస్టు చేసింది. విచారణ లేకుండా యేడాదిపాటు ఉంచిన కమిటి జైల్లో ఆయన మరుగుదొడ్డి కాగితాల మీద గికుయులో నవల రాశాడు. దాన్ని 1980లలో జైల్లో ఉన్న వరవరరావు 'మట్టికాళ్ల మహారాక్షసి'గా తెలుగు చేశాడు. గూగీ జైలు డైరీని కూడా అనువదించాడు. ఒక జైలు నుంచి ఇంకో జైలుకు నవల నడిచి వచ్చిన ఈ కథ ఎంత ఆకర్షణీయమో చెప్పనక్కర లేదు. తెలుగులో గూగీ మీద వచ్చిన వ్యాసాలు చాలావరకు ఈ కథనే చెబుతాయి. మరుగుదొడ్డి కాగితం రాని వ్యాసం వెతికితే గాని దొరకదు.

అయితే గూగీ జైలుకు పోక ముందు ఒక పని చేశాడు. 1968లో ఆయన, తాబన్ లో లియోంగ్, హెన్రీ ఒవూర్ అన్యుంబా ముగ్గురూ కలిసి నైరోబీ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు శాఖను రద్దు చెయ్యాలని ప్రతిపాదన పెట్టారు. ఇంగ్లండు సాహిత్యాన్ని నడుమ పెట్టి ఆఫ్రికాను దానికి అనుబంధంగా చెప్పడం కాదు, ఆఫ్రికాను నడుమ పెట్టి, మౌఖిక సాహిత్యాన్ని ముందు పెట్టి, మిగతా ప్రపంచాన్ని దాని చుట్టూ అమర్చి చెప్పాలన్నది వాళ్ల వాదన. అది పత్రికలో వ్యాసంగా కాక శాఖ ముందు పెట్టిన పాఠ్యప్రణాళికా చర్చగా వచ్చింది. చర్చ జరిగింది, శాఖ మారింది. గూగీని ప్రభుత్వం భయపడి పట్టుకోవడానికి నాటకం తక్షణ కారణం. ఆ నాటకానికి దారి వేసినది ఈ పాఠ్యప్రణాళిక. రైతు భాషలో సాహిత్యం ఉందని తరగతిలో ముందుగా ఒప్పుకున్నవాడే రైతు దగ్గరికి పోయి నాటకం ఆడించగలిగాడు. మనం జైల్లో గూగీని తెచ్చుకున్నాం. శాఖలో గూగీని నైరోబీలోనే వదిలేశాం.

జైలు డైరీ చివరి భాగం కూడా మనవాళ్ల కంట పెద్దగా పడలేదు. విడుదలైన తర్వాత తన ఉద్యోగం తనకు తిరిగి ఇవ్వమని గూగీ విశ్వవిద్యాలయానికి రాసిన ఉత్తరాలు, వాటికి వచ్చిన జవాబులు అందులో ఉన్నాయి. ఇవి కవితాత్మకంగా లేవు, సర్వీసు వ్యవహారంలా ఉన్నాయి. అయినా ఆయన వాటిని పుస్తకంలో అచ్చువేశాడు. తనను వదిలిపెట్టి తన కుర్చీని మాత్రం ఖైదులో ఉంచడం నిర్బంధానికి కొనసాగింపేనని ఆయనకు తెలుసు. ఆయన తరఫున అధ్యాపకుల సంఘం పట్టుబట్టింది. 1980లో మోయి ప్రభుత్వం ఆ సంఘాన్నే నిషేధించింది. ఉద్యోగం గురించి కొట్లాడడం రచయిత స్థాయికి తక్కువ అని అక్కడ ఎవరూ అనుకోలేదు.

మన దగ్గర చెరబండరాజు ఉద్యోగం పోయింది. 1982 జూలైలో మెదడులో కణితితో ఆయన చనిపోయేనాటికి కుట్రకేసు ఇంకా నడుస్తూనే ఉంది. ఆయన పాటల మీద ఎన్ని వ్యాసాలు వచ్చాయి! బడిలో ఆయన తెలుగు ఎలా చెప్పేవాడో ఒక్క పేజీ అయినా మన విమర్శలో దొరకదు. వాచకంలో పద్యాన్ని ఆ కవి పిల్లలకు ఎట్లా విప్పి చెప్పి ఉంటాడు? సాహిత్య విద్యార్థికి ఇంతకంటె ఆసక్తికరమైన ప్రశ్న ఏముంటుంది?

ఇంతవరకు రాజ్యం ఒత్తిడి సంగతి. దాంతోనే ఆపేస్తే వ్యాసం సుఖంగా ముగుస్తుంది, కాని సత్యం సగమే అవుతుంది. 1980లలో వరంగల్ విద్యాలయాల ఆవరణల్లో విద్యార్థి సంఘాల మధ్య ఘర్షణలు చావుల దాకా పోయాయి. రెండు వైపులా పిల్లలు పోయారు. జెండా ఎవరిది, గోడ ఎవరిది అన్న పోటీలో గెలిచిన హాస్టల్లో రెండో అభిప్రాయం గొంతు తగ్గించి మాట్లాడింది. మన పక్షం గెలిచిన చోట ఆ నిశ్శబ్దాన్ని చైతన్యంగా లెక్కవేయడం జరిగింది. రాడికల్ విద్యార్థులు 1978 నుంచి వేసవి సెలవుల్లో పల్లెలకు పోయి ఊరి ఆర్థిక సంబంధాలు చదివారు. అది ఏ విశ్వవిద్యాలయమూ చెప్పని పాఠం, దాని విలువ తగ్గించలేం. అయితే ఆ పాఠంలో జవాబు ముందే తెలిసి ఉండడం ఒక లోపం. ఊరు పోయింది జవాబును ధ్రువపరచుకోవడానికైతే, ఊరు చెప్పే కొత్త సంగతి వినపడదు.

ఈ మాట మొదటిసారి గట్టిగా అన్నది బయటివాళ్లు కాదు, బాలగోపాలే. 1990ల మొదట్లో 'చీకటి కోణాలు' అనే వ్యాసంలో ఆయన, సిద్ధాంతం వెలుగు పడని మూలలు జీవితంలో ఉంటాయని, సాహిత్యం చూపు అటు తిరగాలని వాదించాడు. అది మార్క్సిజం నుంచి జారిపోవడమన్నారు కొందరు. ఉద్యమాల హింసను కూడా రాజ్య హింసతో పాటు ప్రశ్నించాలన్నందుకు పౌరహక్కుల సంఘంలో చీలిక దాకా వచ్చింది. 1998లో ఆయన బయటికి వచ్చి మానవ హక్కుల వేదికలో పనిచేశాడు. ఆయన నిర్ధారణలు సరైనవా కాదా అన్నది వేరే చర్చ. కొన్నిటితో నాకూ పేచీ ఉంది. ఇక్కడ ముఖ్యమైన సంగతి ఇది: 1985లో ఏ స్వభావం విశ్వవిద్యాలయంలో ఇమడలేకపోయిందో, 1998లో అదే స్వభావం ఉద్యమ సంస్థలో ఇమడలేకపోయింది. ఆయన్ని విశ్వవిద్యాలయం నుంచి వెళ్లగొట్టింది పోలీసు తుపాకి. రెండోసారి తుపాకి లేదు, అపహరణ లేదు, కేసు లేదు. ఈ తేడా చిన్నది కాదు, రెంటినీ సమానం చెయ్యడం అన్యాయం. 1989లో ఆయన్ని ఎత్తుకుపోయినది ఉద్యమం కాదు, 'ప్రజాబంధు' పేరు పెట్టుకున్న ముఠా. కాని అడిగే స్వేచ్ఛకు స్థలం కల్పించడమన్న పనిలో, స్థలం తన చేతిలో ఉన్నప్పుడు ఉద్యమం ఎట్లా ప్రవర్తించిందన్నది విమర్శ దాటవేయకూడని ప్రశ్న.

ఒత్తిడి సమాజం వైపు నుంచి కూడా వస్తుంది. వరంగల్ జిల్లా పాపయ్యపేటలో గొర్రెలకాపరుల ఇంట పుట్టిన కంచ ఐలయ్య ఉస్మానియాలో రాజనీతిశాస్త్రం చెబుతున్నప్పుడు, కులాల మధ్య ద్వేషం రేపే రాతలు మానుకోవాలని 2000లో విశ్వవిద్యాలయం రిజిస్ట్రారు ఆయనకు లేఖ రాశాడు. 2017 సెప్టెంబరులో ఆయన పుస్తకం మీద కోపంతో పరకాలలో ఆయన కారు మీద దాడి చేశారు. ఆ పుస్తకాన్ని నిషేధించమన్న పిటిషన్‌ను తర్వాతి నెలలోనే సుప్రీంకోర్టు తిరస్కరించింది. ఐలయ్య వాదనలను మన పత్రికల్లో చాలా కటువుగా ఖండించినవాళ్లు ఉన్నారు. ఖండించినవాళ్లే ఆ లేఖను ముందుగా ఖండించి ఉండాల్సింది.

విద్యాస్వేచ్ఛ అన్న మాట మన రాజ్యాంగంలో ఎక్కడా లేదు. భావప్రకటనా స్వేచ్ఛలో భాగంగా దాన్ని లాక్కోవాలి. మరోవైపు ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి ఉంది. 1964 నాటి కేంద్ర నియమావళి మొదటి రూపంలో, ఉద్యోగి అనుమతి లేకుండా పుస్తకం వెయ్యవచ్చని ఉండేది, అది కేవలం సాహిత్యమో, కళో, విజ్ఞానశాస్త్రమో అయితే. ఈ 'కేవలం' అన్న మాటలో ఒక సాహిత్య సిద్ధాంతమే ఉంది. కళ కళకోసమే అన్నవాడికి అనుమతి అక్కర లేకపోయింది, సాహిత్యానికి సమాజంతో సంబంధం ఉందన్నవాడికి కావలసి వచ్చింది. మన విమర్శకులు 'శుద్ధ సాహిత్య'వాదులతో పత్రికల్లో పోట్లాడుతూ ఉండగా, ఆ వాదం ఏళ్ల తరబడి ప్రభుత్వ నిబంధనలో భద్రంగా కూర్చుని ఉండింది.

ఇవన్నీ పాత సంగతులనుకోవడానికి వీల్లేదు. పాత వరంగల్ జిల్లాలోని తాడ్వాయి పోలీసు స్టేషన్లో 2022 ఆగస్టులో ఉపా కింద ఒక కేసు నమోదైంది. 152 మంది పేర్లున్న ఆ కేసు సంగతి 2023 జూన్‌లో గాని లోకానికి తెలియలేదు. నిందితుల్లో ఒకప్పుడు కాకతీయలో రాజనీతిశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్ హరగోపాల్ ఉన్నాడు. 2020లోనే చనిపోయిన బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తి హెచ్. సురేశ్ కూడా ఉన్నాడు. గోల కావడంతో ప్రభుత్వం హరగోపాల్ మీద కేసు ఎత్తివెయ్యమంది. పది నెలలపాటు తనపై దేశద్రోహ స్థాయి కేసు ఉన్నట్టు తెలియకుండా ఒక ఆచార్యుడు సభల్లో మాట్లాడుతూ తిరిగాడన్నమాట. 2018 ఆగస్టు 28న పోలీసులు వరవరరావు ఇంటితో పాటు హైదరాబాదులో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయ ఆచార్యుడు కె. సత్యనారాయణ ఇల్లు కూడా సోదా చేశారు. ఇంట్లో ఇన్ని పుస్తకాలు ఎందుకని ఆయన్ని అడిగారు. ఆచార్యుడి ఇంట్లో పుస్తకాలు ఎందుకన్న ప్రశ్న నవ్వు తెప్పించేదే. దానికి జవాబును సంజాయిషీగా చెప్పుకోవలసి వచ్చిన స్థితి నవ్వు తెప్పించదు.

గూగీని తెలుగు చేసినవాడు ఇంకొకడు ఉన్నాడు. ఆయన బాల్యస్మృతులను 'యుద్ధకాలంలో స్వప్నాలు'గా తెచ్చిన జి.ఎన్. సాయిబాబా అమలాపురం నుంచి పోయి ఢిల్లీ విశ్వవిద్యాలయం రామ్‌లాల్ ఆనంద్ కళాశాలలో ఇంగ్లీషు చెప్పాడు. గూగీ తెలుగు అనువాదకులు ఇద్దరూ అధ్యాపకులే, ఇద్దరూ ఖైదీలే. సాయిబాబాను 2014 మేలో అరెస్టు చేశారు. 2017 మార్చిలో యావజ్జీవం వేశారు. 2021లో కళాశాల ఉద్యోగం నుంచి తొలగించింది. 2022 అక్టోబరులో బొంబాయి హైకోర్టు విడిచిపెట్టమంటే మర్నాడే సుప్రీంకోర్టు ఆపింది. 2024 మార్చి 5న హైకోర్టు మళ్లీ నిర్దోషి అంది. చక్రాల కుర్చీలో బయటికి వచ్చి, మళ్లీ పాఠం చెప్పుకోవాలని ఉందన్నాడు. సభలు జరిగాయి, సన్మానాలు జరిగాయి, జైలు కవితల మీద చర్చలు జరిగాయి. అక్టోబరు 12న హైదరాబాదు నిమ్స్‌లో ఆయన చనిపోయేనాటికి కళాశాల ఆయన్ని తిరిగి తీసుకోలేదు.